బాగానే ఉందనే మనిషి

ఆదివారం పొద్దున్న ఏడింటికి లియోనా వార్డులో అడుగుపెట్టేసరికి భోజనాల గదిలో వేలంపాట జరుగుతోంది.

పాడుతున్నవాడు గార్త్. డెబ్బై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళపాటు ఆ చుట్టుపక్కల పశువుల సంతల్లో, పొలాల అమ్మకాల్లో వేలం పాడి బతికినవాడు. అతనికి నిద్ర పట్టక ఇవాళ్టికి నాలుగు రోజులు. కుర్చీ ఎక్కి నిలబడి టీవీ బల్లని అమ్మేస్తున్నాడు.

"అయ్యలారా, అమ్మలారా! ఓక్ చెక్క! నాలుగు కాళ్ళూ ఉన్నాయి, మా ముసలావుకి ఆ మాత్రం కూడా లేవు! నలభై, నలభై, నలభై ఐదెవరు? అదిగో, తలుపు దగ్గర బూడిదరంగు కోటు పిల్ల, నలభై ఐదు!"

యాభై నాలుగేళ్ళ లియోనా కోటు విప్పి చేతిమీద వేసుకుంది. "ఆ పిల్ల కొనట్లేదు గార్త్. ముందు దిగండి, పడతారు."

"కొనేవాళ్ళంతా మొదట ఆ మాటే అంటారు!"

నర్సుల గదిలో రాత్రి డ్యూటీ నర్సు కళ్ళు నులుముకుంటూ కాగితం చూసి అప్పగింతలు చదివింది. మానసిక వార్డులో పదకొండు మంది రోగులు. పగటికి ముగ్గురు నర్సులు ఉండాలి, ఒకామె జ్వరమని ఫోన్ చేసింది. మిగిలింది లియోనా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి రెండేళ్ళయిన మారిసెల్.

"గార్త్ సంగతి మీ చెవులకే తెలుస్తోంది. మికేలా రాత్రంతా ఏడ్చి తెల్లారుజామున పడుకుంది. పదిహేను నిమిషాలకోసారి మనిషిని చూసి రాయమన్నారు, ఎక్కడా వదలద్దు. ఇక తొమ్మిదో గది ఒరెస్ట్. నిద్రపోయాడు, విరేచనం అయిందన్నాడు, బాగానే ఉన్నాడు. రేపు ప్రయాణం."

ఒరెస్ట్ పేరు వినగానే మారిసెల్ మొహం విప్పారింది. ఆ వార్డులో అందరికీ అంతే. అరవై ఒక్కేళ్ళ మనిషి, అందులో సగం ఏళ్ళు తలలో గొంతులు వింటూ గడిపాడు. ఎన్ని మందులు మార్చినా ఆ గొంతులు ఆగలేదు. నిరుడు క్లోజపిన్ అనే మందు మొదలుపెట్టాక ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ఒకరోజు టీ తాగుతూ, "ఇవాళ ఎవరూ మాట్లాడలేదు సిస్టర్, మీరు తప్ప," అన్నాడు. ఆ మాట విని లియోనా మందుల గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత పదకొండు నెలలు ఎదురుచూస్తే క్లియర్‌వుడ్ ఊళ్ళో ఒక ఇంట్లో గది దొరికింది. అతనిలాంటి నలుగురు కలిసి ఉండే ఇల్లు. చూసుకునే మనిషి ఉంటుంది, ఎవరి గది తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది. సోమవారం మధ్యాహ్నానికి చేరాలి. చేరకపోతే ఆ గది పట్టీలో తర్వాతివాడికి పోతుంది. అక్కడ పద్ధతి అది. ఎవరి కోసమూ ఆగదు.

లియోనా ప్రతి పూటా పని మొదలుపెట్టేముందు రోగులందరినీ మనసులో వరసగా నిలబెడుతుంది. ఈ గంటలోనే చెయ్యిదాటిపోగలవాళ్ళు ముందు, ఈ పూటలో దాటగలవాళ్ళు తర్వాత, రేపటిదాకా ఆగగలవాళ్ళు చివర. గట్టిగా అరిచేవాడు ముందుండాలని ఏమీ లేదు. ఆ పొద్దున్న ఆమె వరసలో మికేలా మొదట ఉంది, గార్త్ రెండు. ఒరెస్ట్ చిట్టచివర. అతని పెట్టె కూడా సర్ది ఉంది మరి.

ఎనిమిదింటికి పాన్‌కేకులొచ్చాయి. ఆదివారం ఒక్కరోజే వస్తాయి కాబట్టి వాటికోసం గార్త్ కూడా కుర్చీ దిగాడు. లియోనా కాఫీ పోస్తూ చూస్తే, ఒరెస్ట్ తన పళ్ళెం మెల్లగా గార్త్ వైపు జరుపుతున్నాడు.

"మీరు తినరా ఒరెస్ట్?"

"తిన్నాను సిస్టర్."

పళ్ళెంలో మూడు పాన్‌కేకులూ మూడుగానే ఉన్నాయి.

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది. చెప్పుకోవడానికేం లేదు."

ఆస్పత్రి చుట్టూ ఉన్న మైదానపు పల్లెల మనుషులు అంతే. వడగళ్ళకి పంట పోయినా, గొడ్డు చచ్చినా, అడిగితే బాగానే ఉందంటారు. లియోనా పుట్టింది కూడా ఆ పల్లెల్లోనే. అలా అని వదిలేసి పక్క బల్లకి నడిచింది గాని, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసింది. ఒరెస్ట్ చొక్కా ప్యాంటు బయట ఉంది. ఇన్నాళ్ళలో అతని చొక్కా బయట వేలాడగా ఆమె చూడలేదు. గొంతులు తలపగలగొట్టిన రోజుల్లో కూడా చొక్కా లోపలికి దోపుకుని, పై గుండీదాకా పెట్టుకునే మనిషి. అదీగాక, వీపు కుర్చీకి ఆనించకుండా, రెండు చేతులూ బల్ల అంచుమీద పెట్టి, పొట్టని ఎవరిదో సామాను మోస్తున్నట్టు జాగ్రత్తగా పట్టుకుని కూర్చున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. మికేలాని చూసే వేళయింది. గార్త్ పాన్‌కేకులకి పాట మొదలుపెట్టాడు. చూస్తూండగానే గంటన్నర ఆ పనీ ఈ పనీ మింగేశాయి. ఆ చొక్కా మాత్రం చెప్పులో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

తొమ్మిదిన్నరకి తొమ్మిదో గది తలుపు కొట్టింది. మంచం మీద పెట్టె కట్టి ఉంది. ఒరెస్ట్ కిటికీ గట్టు పట్టుకుని నిలబడ్డాడు. గది అంతా సబ్బు వాసన, దాని అడుగున ఇంకేదో వాసన. చేతులు కడుక్కునే తొట్టి పక్కన తువ్వాలు తడిగా మడతపెట్టి ఉంది.

"వాంతయిందా?"

"కొంచెం. నేనే తుడిచేశాను. మీకు పని పెట్టడమెందుకని."

"ఎన్నిసార్లు?"

అతను నాలుగు వేళ్ళు చూపించాడు. ఆమె మంచం చివర కూర్చుంది. నిలబడి అడిగితే అతను గంజి పెట్టిన గుడ్డలా బిగుసుకుపోతాడని ఆమెకి తెలుసు.

"చూడండి ఒరెస్ట్. రోజూ విరేచనం అవుతోందని చెప్తున్నారు, మేం టిక్కు పెట్టుకుంటున్నాం. ఇవాళ టిక్కు పెట్టడానికి రాలేదు నేను. చేతిలో కాగితం కూడా లేదు, చూడండి. సరిగ్గా అయి ఎన్నాళ్ళయింది?"

ఆ పెద్దమనిషి చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి కింద బండ్లు ఆగే చోటుని చూస్తూ అన్నాడు. "పోయిన శనివారం."

"అంటే నిన్న కాదు, అంతకుముందుది?"

"ఆఁ. ఆ తర్వాత నీళ్ళలా కారుతోంది, అంతే. కాలేదంటే నన్ను పంపరేమోనని... అవుతోందని చెప్పాను."

ఎనిమిది రోజులు. ఆ నీళ్ళ సంగతి లియోనాకి ముందే తెలుసు. గురువారం ఒరెస్ట్ లోపలి బట్టలు తొట్టిలో రహస్యంగా ఉతుక్కుంటూంటే చూసింది. నీళ్ళ విరేచనాలని రాసింది. విరేచనం అవడానికి రోజూ ఇచ్చే మందు ఇక ఎందుకని తన చేత్తోనే ఆపింది. డాక్టరుకి చెప్తే ఆయనా సరేనన్నాడు. క్లోజపిన్ మనసుని శాంతపరచడంతోపాటు పేగుని కూడా నిద్రపుచ్చుతుందని ముప్ఫై ఏళ్ళుగా నర్సు పని చేస్తున్న మనిషికి ఒకరు చెప్పాలా? కాలవకి బండ అడ్డం పడితే పక్కసందుల్లోంచి నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళని చూసి కాలవ పారుతోందనుకుంది తను. చొక్కా సంగతి చూసి గంటన్నర ఆగడం ఇంకో తప్పు.

"పొట్ట చూడనిస్తారా?"

అతను పడుకున్నాడు. ప్యాంటు గుండీ విప్పే ఉంది, భుజాలమీది పట్టీలే దాన్ని ఆపుతున్నాయి. పొట్ట కొత్త డోలులా బిగిసి ఉంది. వేలితో తడితే డోలు మోతే మోగింది. స్టెతస్కోపు పెట్టింది. పొద్దున్నపూట ఏ పొట్టలోనైనా గుడగుడలు వినబడాలి. ఒక నిమిషం విన్నా, రెండు నిమిషాలు విన్నా, గోడకి చెవి పెట్టినట్టుంది. నాడి నూట పద్దెనిమిది. ఒళ్ళు కాస్త వెచ్చన.

"ఇప్పట్నుంచి మంచినీళ్ళు కూడా వద్దు. నేను చెప్పేదాకా ఏ మందూ మింగద్దు. ఇప్పుడే వస్తా."

ఫోన్ దగ్గరికి వెళ్ళేసరికి ఇంకొక సంగతి అడ్డమొచ్చింది. రెండు వారాల కిందట ఒకామె గుండె నొప్పంటే లియోనా పరుగున డాక్టర్ని పిలిపించింది. తీరా చూస్తే ఆమె పోటీపడి ఇరవై రెండు పెరోగీలు తింది, ఆలుగడ్డ కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి, పైన మీగడతో. అప్పట్నుంచి ఆస్పత్రంతా లియోనాని చూసి నవ్వుతోంది. పెద్ద నర్సు పిలిచి, "కాస్త ఆలోచించి పిలువు లియోనా," అని మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పిందే ఎక్కువ తగిలింది.

ఆదివారం ఆస్పత్రి మొత్తానికి డాక్టర్ అడెయెమి ఒక్కడే. కుర్రవాడు, మంచివాడు, అలిసిపోయి ఉన్నాడు.

"లియోనా గారా? ఇవాళ ఎన్ని పెరోగీలు?"

ఆమె విషయం చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు తనదిలా లేదు, క్షమించమన్నట్టు ఉంది.

"చార్టు నా ముందే ఉంది. రోజూ అవుతోందని టిక్కులున్నాయి. గురువారం నీళ్ళ విరేచనాలని మీరే రాశారు. రేపు ప్రయాణం కదా, గాభరా అయ్యుంటుంది. నా ముందు ట్రాక్టరు కింద కాలు పడ్డ మనిషి ఉన్నాడు. మధ్యాహ్నం వచ్చి చూస్తాను, సరేనా?"

"సరే," అంది లియోనా. ఫోన్ పెట్టేశాక ఎందుకన్నానా అని తన నోటినే తిట్టుకుంది.

అయితే ఆ సరే అనడంలో భయం ఒక్కటే లేదు. ఒరెస్ట్‌ని కింద ఆపరేషన్ వార్డుకి పంపితే కాయితాలు, పరీక్షలు, రెండు మూడు రోజులు ఖాయం. ఏమీ లేదని తేలినా గది పోయినట్టే. పదకొండు నెలలు. తన మాట తప్పయితే తీసుకుపోయేది ఒక మనిషి ఇంటిని. తన మాట ఒప్పయి ఊరుకుంటే... ఆ రెండోది మనసులో కూడా పూర్తిగా అనుకోలేకపోయింది.

"అక్కా!" మారిసెల్ పరుగెత్తుకొచ్చింది. తనకన్నా పెద్దవాళ్ళెవరైనా ఆ పిల్లకి అక్కే. "గార్త్ ఫ్రిజ్‌ని లాగుతున్నాడు, సంతకి తోలాలంట! ఇక్కడ మికేలా తలుపేసుకుంది, పిలిస్తే పలకట్లేదు!"

గోరుచుట్టు మీద రోకటిపోటు. లియోనా ఒక్క క్షణం నిలబడింది. మూడు వైపులా మూడు. ఫ్రిజ్ పగిలితే పగులుతుంది. పలకని తలుపు ఆగదు.

"నువ్వు గార్త్ దగ్గర నిలబడు. లాగనీ, ప్లగ్గు పీకెయ్యి. చాలు."

తాళం తీసి లోపలికి వెళ్తే ఇరవై మూడేళ్ళ మికేలా మంచానికీ గోడకీ మధ్య నేలమీద ముడుచుకుని చెవులు మూసుకుని ఉంది. లియోనా ముందు చేతులు చూసింది, మెడ చూసింది, చుట్టూ చూసింది. ఏమీ లేదు.

"ఏమయిందే తల్లీ?"

"ఆయన అరుపులు. నా బుర్రలో ఉన్నవి చాలవా?"

"చాలు, చాలు. నిజం చెప్పు. చచ్చిపోవాలనుందా ఇప్పుడు?"

"రాత్రి ఉంది. ఇప్పుడు... ఒక్కదాన్నే ఉంటే మళ్ళీ వస్తుంది."

"అయితే ఒక్కదానివి ఉండద్దు. తొమ్మిదో గదిలో ఒక ప్రాణం కొట్టుకుంటోంది. నాకు గంటసేపు చేతులు ఖాళీ కావాలి. నాకో పని చేసిపెడతావా? నీకు చెయ్యాలని లేకపోతే అదైనా చెప్పు, వేరే దారి చూస్తా."

ఆ పిల్ల తలెత్తింది. ఆ వార్డులో ఎవరూ తనని సాయం అడగలేదు ఇన్నాళ్ళూ. "ఏం పని?"

లియోనా ఆమెని భోజనాల గదికి తీసుకొచ్చి మారిసెల్ పక్కన కూర్చోబెట్టి, ఒక నోటుబుక్కు, రంగు పెన్సిలు చేతికిచ్చింది. తర్వాత గార్త్ ముందు నిలబడింది.

"ఏమండీ, ఎన్నేళ్ళు పాడారు మీరు? వేలంలో రాసే గుమాస్తా లేకుండా ఎప్పుడైనా పాడారా?"

గార్త్ ఫ్రిజ్ వదిలేసి ఛాతీ విరిచాడు. "ఎన్నడూ లేదు! అది దొంగ వేలం అవుతుంది!"

"ఈ అమ్మాయి గుమాస్తా. ఆమె రాయడం అయ్యేదాకా రెండో వస్తువు ఎత్తకూడదు. గట్టిగా అరిస్తే ఆమెకి లెక్క తప్పుతుంది."

"రాతలో నిదానమా?" అన్నాడు గార్త్ అనుమానంగా.

"చాలా నిదానం," అంది మికేలా.

గార్త్ గొంతు తగ్గించాడు. మారిసెల్ కుర్చీలోంచి లేవకుండానే ఇద్దరినీ కళ్ళముందు ఉంచుకోవచ్చు. లియోనా ఆమె చెవిలో, "పిల్ల చెయ్యి కూడా నీ కళ్ళు దాటకూడదు. బాత్‌రూమ్‌కి వెళ్ళినా వెంట వెళ్ళు. గార్త్ అరిచినా, పాడినా, బట్టలు విప్పినా సరే, ముందు పిల్లే," అంది. మారిసెల్ తలూపింది.

పొద్దున్న కట్టిన వరస తిరగబడింది. చిట్టచివరివాడు ముందుకొచ్చాడు.

తొమ్మిదో గదిలోకి వెళ్ళేసరికి ఒరెస్ట్ లేచి కూర్చున్నాడు. మొహానికి చెమట పట్టింది. అతనికి ఆమె మొహం చూస్తేనే అర్థమైంది.

"ఎవరికీ చెప్పకండి సిస్టర్. రేపటిదాకా ఓర్చుకుంటాను. అక్కడికి వెళ్ళాక చూపించుకుంటా."

"రేపటిదాకా ఓర్చుకోవడానికి మీరు ఒప్పుకుంటారు. మీ పేగు ఒప్పుకోదు."

"గది పోతుంది."

కాదని చెప్పడం ఆమెకి చాలా తేలిక. కానీ ఈ మనిషితో గొంతులు ముప్ఫై ఏళ్ళు అబద్ధాలాడాయి. ఇంకో అబద్ధం తను చెప్పలేకపోయింది. "పోవచ్చు. పోతే ఇంకో గదికోసం నేను తిరుగుతాను. మీరు పోతే ఎక్కడని తిరగను?"

అతను పెట్టె మీద చెయ్యి వేసి మంచం మీదనుంచి కిందికి దింపబోయాడు, పడుకోవడానికి చోటు కోసం. వంగలేక ఆగిపోయాడు. లియోనా దింపింది.

ఈసారి ఫోన్‌లో ఆమె గొంతు ఆమెదే.

"డాక్టర్ గారూ, నేను సలహా అడగడానికి చెయ్యలేదు. ఎనిమిది రోజులుగా విరేచనం లేదు, టిక్కులన్నీ అబద్ధం, అతనే చెప్పాడు. నాలుగుసార్లు వాంతి. పొట్ట బిగిసింది, లోపల చప్పుడు లేదు. నాడి ఇందాక నూట పద్దెనిమిది, ఇప్పుడు నూట ఇరవై ఆరు. గురువారం విరేచనం మందు ఆపింది నేను. నీళ్ళని చూసి మోసపోయాను. ఇరవై నిమిషాల్లో మీరు రాలేకపోతే నేనే సర్జన్‌కి ఫోన్ చేస్తాను. నాది పొరపాటని తేలితే నా పేరు పెట్టి రాయండి, పెరోగీల పక్కనే."

"నూట ఇరవై ఆరా?"

"అవును."

"వస్తున్నాను."

పన్నెండు నిమిషాల్లో వచ్చాడు. తలుపు తీసేటప్పుడు మొహాన ఇంకా కాస్త నవ్వుంది. పొట్టమీద చెయ్యి వేసి, నొక్కి వదిలాడు. ఒరెస్ట్ నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. డాక్టర్ మొహంలో నవ్వు లేదు. "స్ట్రెచర్ బండి తెప్పించండి. నేనూ వెంట వెళ్తాను," అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మధ్యాహ్నం అన్నాను కదా ఇందాక," అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

ఒరెస్ట్ పడుకున్న బండిని నెట్టుకుంటూ నడవాలోకి వచ్చేసరికి, గార్త్ వేలం ఆపి రెండు చేతులూ చాచి అందరినీ గోడకి సర్దాడు. "ఇది అమ్మకానికి లేదు! దారివ్వండి, దారి! మంచి సరుకు పోతోంది!" బండిమీద ఒరెస్ట్ ఎవరికీ కనబడకుండా కొంచెం నవ్వాడు.

నాలుగింటికి కింది నుంచి ఫోనొచ్చింది. జానెడు పేగు నల్లబడితే కోసి తీసేశారు. మిగతాది బాగుంది. ఇంకో నాలుగైదు గంటలు ఆలస్యమైతే చిట్లేదని సర్జన్ అన్నాడట. బతికాడు. లియోనా ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. ఆ తర్వాత డ్యూటీ దిగేముందు కూర్చుని, గురువారం తను చేసిన పనీ, టిక్కుల సంగతీ, ఎవరిమీదా తొయ్యకుండా కాయితం మీద పెట్టింది. మికేలా ఆ పూట నలభై ఒక్క వస్తువుల అమ్మకం రాసి, ఎనిమిదింటికే నిద్రపోయిందని మర్నాడు తెలిసింది.

సోమవారం మధ్యాహ్నం ఒరెస్ట్ అక్క స్లావ్కా వచ్చింది. తమ్ముణ్ణి క్లియర్‌వుడ్‌కి తీసుకెళ్ళాల్సిన మనిషి. విత్తనాల అదనులో పొలం వదిలి వచ్చింది, బూట్లకి మట్టి ఇంకా తడిగా ఉంది. ఆపరేషన్ వార్డు బయట బెంచీమీద లియోనా పక్కన కూర్చుంది.

"గది ఇంకొకరికి ఇచ్చేశారంట. పొద్దున్న పదకొండింటికే. వాళ్ళకెంత తొందరో చూడమ్మా. పదకొండు నెలలు!"

"అమ్మా, మీకొకటి చెప్పాలి. ఆ విరేచనం మందు ఆపింది నేను."

స్లావ్కా తిరిగి చూసింది. ఆ చూపులో కోపం ఉంది, ఆమె దాచుకోలేదు. "మరి ప్రమాదం కనిపెట్టిందెవరు?"

"నేనే."

"అయితే రెండూ మీరే మొయ్యండి. ఒకటి దింపి ఒకటే మోస్తే మనిషి వంకరపోతాడు." సంచిలోంచి ఒక రొట్టె తీసి విరిచి సగం చేతిలో పెట్టింది. "తినండి. పొద్దున్నించీ తిన్నట్టు లేరు."

ఇద్దరూ రొట్టె తిన్నారు.

ఆపరేషన్ కోసం క్లోజపిన్ ఆపడంతో నాలుగో రోజుకి గొంతులు తిరిగొచ్చాయి. లియోనా భయపడుతూనే ఉంది దానికి. మధ్యాహ్నం తిండి వేళలో ఆపరేషన్ వార్డుకి వెళ్తే అక్కడి నర్సు తలుపు దగ్గరే పట్టుకుంది.

"మీవాడేనా ఆయన? పొద్దున్నించీ ఊపిరాడనివ్వట్లేదు. సూపు చల్లగా ఉందంట, దిండు రాయిలా ఉందంట, కుట్టు దగ్గర లాగుతోందంట. పావుగంటకోసారి బెల్లు!"

లియోనాకి నమ్మబుద్ధి కాలేదు. "ఒరెస్టా? ఒరెస్ట్ చెప్తున్నాడా ఇవన్నీ?"

లోపల అతను మెడకింద దిండు సర్దుకుంటున్నాడు. మొహం పాలిపోయింది, కళ్ళు మాత్రం సూటిగా ఉన్నాయి. "వచ్చారా సిస్టర్. బాలేదు. గొంతులొచ్చాయి, ముగ్గురు. ఒకడు తిడుతున్నాడు. నొప్పి కూడా ఉంది, ఇక్కడ, ఈ పక్కన. రాసుకోండి."

"రాసుకుంటాను. తిట్టేవాడు ఏమంటున్నాడు?"

"చెప్పద్దంటున్నాడు. ఎవరికీ చెప్పద్దని." దిండు ఇంకోసారి సర్దుకుని, "చెప్పకుండా ఎనిమిది రోజులు చూశాను కదా. చాలు," అన్నాడు.

ఆ సాయంత్రమే డాక్టర్ అడెయెమి, మనసు డాక్టర్లతో మాట్లాడి, క్లోజపిన్‌ని మళ్ళీ చిటికెడంత మోతాదుతో మొదలుపెట్టించాడు. దానితోపాటు రెండు రకాల విరేచనం మందులు రాశాడు, డాక్టరు స్వయంగా వచ్చి పొట్ట చూడకుండా ఎవరూ ఆపడానికి వీల్లేదని కింద గీత గీశాడు. పైన లియోనా వార్డులో టిక్కుల గడి తీసేశారు. అడిగి ఊరుకోవడం కాకుండా, క్లోజపిన్ వేసుకునేవాళ్ళందరి పొట్టలూ వారానికి రెండుసార్లు చేత్తో తడిమి చూడడం మొదలైంది. మొదట్లో గార్త్ పడిపడి నవ్వాడు, తనకి ఆ మందు లేకపోయినా తన పొట్ట కూడా చూడమని క్యూలో నిలబడ్డాడు. చూశారు. బాగుంది.

గదికోసం లియోనా తిరుగుతానన్న మాట తేలికైనది కాదు. ఫోన్లు చేసింది, కాదనిపించుకుంది, మళ్ళీ చేసింది. ఎట్టకేలకు జూన్ మూడోవారంలో ఇంకో ఊళ్ళో, స్లావ్కా పొలానికి అరగంట దూరంలో, ఒక ఇంట్లో చోటు దొరికింది. క్లియర్‌వుడ్ ఇంటికన్నా పాతది. కానీ వెనక పెరడుంది.

ఆ ఇంటిని చూసుకునే పెద్దామె కారు వేసుకుని తనే వచ్చింది. ఆస్పత్రి గుమ్మం దగ్గర లియోనా ఆమెని పక్కకి పిలిచి మందుల కాయితం ఇచ్చి చెప్పడం మొదలుపెట్టింది. "రెండు రోజులు దాటితే ఊరుకోకండి. నీళ్ళలా అయితే బాగుందనుకోకండి, అది ఇంకా ప్రమాదం. ఆయన్ని అడిగితే..."

"ఏమిటి ఆవిడతో గుసగుసలు?" కారులోంచి ఒరెస్ట్ తల బయటపెట్టాడు. "పొట్ట నాది. నేనే చెప్తాను ఆవిడకి. కాకపోతే కాలేదని చెప్తాను, నొప్పంటే నొప్పంటాను. ఆవిడ నవ్వకూడదు, అంతే."

"నవ్వనండీ," అంది పెద్దామె కారు తలుపు తీస్తూ. "మా ఆయన పొట్ట కబుర్లు ముప్ఫై ఏళ్ళు విన్నాను. మీవేం కొత్త?"

ఒరెస్ట్ లియోనా వైపు చెయ్యి చాచాడు. అతను చేతులు కలిపే మనిషి కాదు. ఆమె పట్టుకుంది. ఏదో అనబోయింది గాని అతనికి అప్పటికే వేరే ధ్యాస.

"జూన్ సగం పోయింది," అన్నాడు పెద్దామెతో. "బీట్‌రూట్ విత్తనం ఇప్పుడు వేస్తే మంచు పడేలోపు దుంప ఊరుతుందంటారా?"

"ఊరుతుంది," అంది ఆమె బండి కదిలిస్తూ. "సాయంత్రం వెలుగుండగా మడి తవ్వాలి. సీటు బెల్టు పెట్టుకోండి."